ఏడూ ఇరవై

చీటీ మీద ఎనిమిది గీతలే.
వాటిలో పట్టించాలి ఒక పొదని.

ఎత్తు: నాలుగున్నర అడుగులు.
మంచు కూర్చుని లేచిన ఏడు, నాలుగే.

రంగు: గులాబీ అని రాస్తే నవ్విపోతారు.
బీట్‌రూట్ కోసిన చేతిని
చన్నీళ్లలో ఒక్కసారి ముంచి తీస్తే
వేళ్ల సందుల్లో ఇంకా పోని ఎరుపు ఉంటుందే,
అది.
అంత చోటు లేదు.
లేత ఎరుపు అని రాశాను.

ముళ్లు: లెక్కపెట్టలేదు.
కొమ్మంతా మూడు రోజులు గీయని గడ్డం.

ఆకు: ముదురు పచ్చ, ముడతలు,
మచ్చ తెగులు వచ్చి చూసి వెళ్లిపోతుంది.

చలి: మైనస్ ముప్ఫై ఎనిమిది దాకా.
గడ్డి కప్పొద్దు, గోనె చుట్టొద్దు.
సొంత వేరు.
అంటుమొక్క చలికి చచ్చిపోతే
కింద నుంచి పరాయిది లేచి
అదే ఇంట్లో కాపురం పెడుతుంది.
ఇది నేల దాకా చచ్చినా
లేచేది ఇదే.

పేరు:

ఇక్కడ కలం ఆగింది.

ఆ ఊరికి రెండుసార్లు వెళ్లాం, నేనూ మా యజమాని క్యోస్తీ.
జూన్ చివర పువ్వు చూడ్డానికి,
సెప్టెంబరులో పిలక తవ్వడానికి.
కూసిలంపి. ఫిన్లండ్ పటంలో ఈగ వాలినంత.
ఒకప్పుడు అక్కడ రైలు ఆగేది.
ఇప్పుడు పట్టాలు కూడా లేవు,
పీక్కెళ్లి ముప్ఫై ఏళ్లయింది.

గేటు కాసిన హిల్యా రౌతియో
ఎనభై ఆరేళ్ల మనిషి
స్కీ కర్ర పొడుచుకుంటూ ముందు నడిచింది.
"ఇది ప్లాట్‌ఫారం," అంది. బిర్చ్ చెట్లు.
"ఇది సిగ్నలు." నాచు.
పొదలు మాత్రం వరస తప్పకుండా నిలబడి ఉన్నాయి
ఇంకా ఎవరో దిగుతారన్నట్టు.
ఆ వరస దాటి, కంకర మధ్య,
పట్టాలు ఉండాల్సిన చోట
మోకాలెత్తు పిలకలు.

"బండి తిరిగిన రోజుల్లో
గీత దాటిన ప్రతి పిలకా నరికేదాన్ని.
ఇన్‌స్పెక్టరు కొలబద్ద పట్టుకొచ్చేవాడు.
బండి పోయింది.
పోనీ, దాటనీ అన్నాను."

నరికిన పిలకలు?

పారెయ్యలేదట.
తడిపిన పత్రికలో చుట్టి
ఏడూ ఇరవై బండి గార్డుకి అందించేది.
ఒకటిన్నర నిమిషం ఆగేది బండి.
ఆయన పై స్టేషన్లలో ఒక్కొక్కటీ దింపుకుంటూ పోయేవాడు
ఉత్తరాన రష్యా గట్టు దాకా.
కప్పులు కూలిన స్టేషన్ల పక్కన
ఈనాటికీ ఇదే పువ్వు.
"ఆ చివరి స్టేషను నేను చూళ్లేదు,
నా పొద చూసింది."

గార్డు పేరేమిటని అడిగాను.
చాలాసేపు ఆలోచించింది.
"టోపీ ఉండేది," అంది.

క్యోస్తికి తొందర. పొదకి ఆమె పేరే పెడదామన్నాడు,
ముసలమ్మ పేరుంటే నాలుగు మొక్కలు ఎక్కువ పోతాయి.
"నా పేరెందుకు?
ముప్ఫై ఎనిమిదికి నేను ఆగను."
కర్రతో కంకర కెలికింది.
"ఏడూ ఇరవై అని రాసుకోండి."

పేరు: ఏడూ ఇరవై.

పూత: ఏటికి ఒక్కసారి, మూడు వారాలు.
ఆగస్టు చివర ఒకటో రెండో,
ఎవరూ చూడనప్పుడు.
"బండీ అంతే," అంది హిల్యా,
"అసలు వేళకి వచ్చింది ఎప్పుడు గనక."

ఎనిమిదో గీత, హెచ్చరిక:
పాకుతుంది.
క్యోస్తి అది కొట్టేసి
విస్తరిస్తుంది అని రాయించాడు. అమ్ముకోవాలి కదా.
వాసన రాయడానికి గీత మిగల్లేదు.

సెప్టెంబరులో తిరిగొస్తుంటే
కారులో పిలకలు నా ఒళ్లో.
పత్రికలో చుట్టి ఆమే ఇచ్చింది,
వద్దన్నా బకెట్‌లో ముంచి మరీ.
నలభై కిలోమీటర్లు
మోకాళ్ల మీదుగా బూట్లలోకి కారాయి
బురద నీళ్లు, నిన్నటి వార్తల సిరా.

ఆ టోపీ ఆయన
ఎన్ని వేసవులు
తడి ప్యాంటుతో డ్యూటీ చేశాడో.